హవ్వను దేవుడు ఎందుకు చేశాడు? "సాటియైన సహాయము" అంటే ఇంటిపనికేనా?

సిస్టర్, వందనాలు.

మీ ప్రశ్న చదివాను. పెళ్లి మాటలు జరుగుతున్నాయి, అబ్బాయి మంచివాడే, కానీ కాబోయే అత్తగారు "దేవుడు హవ్వను ఆదాముకు సహాయంగా చేశాడమ్మా, ఆడదాని పిలుపు అదే, పెళ్లయ్యాక ఉద్యోగం మానేస్తే మంచిది" అన్నారని రాశారు. హవ్వను దేవుడు చేసింది నిజంగా అందుకేనా, బైబిల్ చెప్పేది అంతేనా అని మీ సందేహం. మా సంఘంలో స్త్రీల కూడికలో ఆదికాండం చెప్పడం, పెళ్లికి ముందు జంటలతో కూర్చుని మాట్లాడడం చాలా ఏళ్లుగా నా పని. ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. వెనకటి తరం అమ్మలు మనసులో పెట్టుకుని ఊరుకునేవాళ్లు. ఇప్పటి పిల్లలు పైకి అడుగుతున్నారు, అది మంచిదే.

నా జవాబు ముందే చెప్పేస్తాను. దేవుడు హవ్వను ఆదాముకు పనిమనిషిగా చేయలేదు. పిల్లల్ని కనడానికి మాత్రమే కూడా చేయలేదు. భూమి మీద తన స్వరూపంగా ఉండడానికి, ఆదాముతో కలిసి ఈ సృష్టిని ఏలడానికి, ఒంటరిగా ఉన్న మనిషికి అతనంతటి మనిషే తోడుగా ఉండడానికి చేశాడు. భార్యగా, తల్లిగా ఆమె చేసేవి ఆ పెద్ద ఉద్దేశంలో భాగాలు. అవి చిన్న పనులని నేను ఎప్పటికీ అనను. ఆ భాగాన్నే మొత్తం చేసి ఆడపిల్ల ముందు పెట్టినప్పుడే నాకు బాధ.

ఇంతకీ ఉద్దేశాన్ని ఎక్కడ వెతకాలి? దీనికి యేసు ప్రభువే దారి చూపించాడు. మత్తయి 19వ అధ్యాయం తీయండి. ఏ కారణం చేతనైనా భార్యను వదిలేయడం న్యాయమేనా అని పరిసయ్యులు (యూదుల్లో ధర్మశాస్త్రాన్ని పట్టుగా పాటించే వర్గం) వచ్చి అడుగుతారు. వాళ్ల మనసులో ఉన్నది ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయంలో మోషే చెప్పిన పరిత్యాగ పత్రిక, అంటే విడాకుల కాగితం. ప్రభువు అక్కడ మొదలుపెట్టలేదు. నేరుగా ఆదికాండం 1:27కి, 2:24కి వెళ్లాడు. మరి మోషే ఎందుకు ఒప్పుకున్నాడని వాళ్లు నిలదీస్తే, మీ హృదయకాఠిన్యాన్ని బట్టి ఒప్పుకున్నాడు గాని "ఆదినుండి ఆలాగు జరుగలేదు" అన్నాడు. అంటే మనుషులు చెడిపోయాక వచ్చిన ఏర్పాటు వేరు, దేవుడు మొదట అనుకున్నది వేరు. భార్యాభర్తల సంగతి తేల్చాలంటే మొదటిదాన్నే చూడాలి. హవ్వ విషయంలోనూ నేను ఇదే పద్ధతి పట్టుకుంటాను. ఆదికాండం 1, 2 అధ్యాయాలు పాపానికి ముందువి. 3వ అధ్యాయం పాపం, దాని ఫలితాలు. మనవాళ్లు స్త్రీ గురించి చెప్పే మాటల్లో చాలా వాటిని 3వ అధ్యాయంలోంచి తీసి, 2వ అధ్యాయం పేరు పెడుతుంటారు.

మొదటి అధ్యాయం చూద్దాం. "దేవుడు తన స్వరూపమందు నరుని సృజించెను, దేవుని స్వరూపమందు వాని సృజించెను, స్త్రీనిగాను పురుషునిగాను వారిని సృజించెను." ఈ మాట ఎంత పెద్దదో తెలియాలంటే ఆ కాలం గుర్తుంచుకోవాలి. ఐగుప్తులో, మెసొపొటేమియాలో దేవుని ప్రతిరూపం అన్న బిరుదు మామూలుగా రాజుకు ఇచ్చేవారు. ఇక్కడ ఆ బిరుదు మనుషులందరిదీ అయింది, స్త్రీని పేరెత్తి మరీ కలిపారు. ఆ వెంటనే 28వ వచనంలో "దేవుడు వారిని ఆశీర్వదించెను" అని ఉంటుంది. ఫలించండి, విస్తరించండి, భూమిని నిండించండి, దాన్ని లోపరచుకోండి, సముద్రపు చేపల మీద, ఆకాశ పక్షుల మీద, భూమి మీద పాకే ప్రతి జీవి మీద ఏలండి. ఈ ఆజ్ఞలన్నీ ఇద్దరికీ కలిపి ఇచ్చినవి. పిల్లల్ని కనడం ఆమెకు, ఏలడం అతనికి అని దేవుడు పంచలేదు. ఈ అధ్యాయంలో ఒకరి మీద ఒకరు ఏలండి అన్న మాట కూడా లేదు. ఇద్దరూ కలిసి సృష్టిని ఏలాలి.

స్త్రీల కూడికలో నేను ఈ వచనాన్ని పైకి చదివించి, "వారిని" అన్న చోట ఆపమంటాను. చిన్నప్పటి నుంచి బైబిల్ చదివినవాళ్లు కూడా అక్కడ ఒక్క క్షణం తల ఎత్తి చూస్తారు. ఎన్నోసార్లు చదివిన వచనమే, తమను అందులో ఎప్పుడూ చూసుకోలేదు.

ఇక రెండో అధ్యాయం, మీ అత్తగారు కాబోయే ఆవిడ చెప్పిన వచనం. "నరుడు ఒంటరిగా నుండుట మంచిది కాదు, వానికి సాటియైన సహాయమును వానికొరకు చేయుదును." పెళ్లి ప్రసంగాల్లో, శుభలేఖల మీద మనకు బాగా అలవాటైన మాట. దీన్ని నిదానంగా చదవాలి, ఎందుకంటే గొడవంతా ఇక్కడే ఉంది.

మొదటి అధ్యాయమంతా "అది మంచిదని దేవుడు చూచెను" అన్న మాట వస్తూ ఉంటుంది. బైబిల్లో మొదటిసారి "మంచిది కాదు" అన్న మాట వచ్చేది 2:18లోనే. అప్పటికి పాపం లేదు. ఆదాముకు తిండికి కొదవ లేదు, చేయడానికి పని ఉంది, దేవుని సహవాసం ఉంది. అయినా ఒంటరిగా ఉండడం మంచిది కాదన్నాడు దేవుడు. పని ఎక్కువైంది, చేసిపెట్టేవాళ్లు లేరు అనలేదు. ఒంటరితనం గురించి అన్నాడు.

ఆ వెంటనే ఏం జరిగిందో చూడండి. దేవుడు జంతువులన్నిటినీ పక్షులన్నిటినీ ఆదాము దగ్గరికి తెచ్చాడు. ఆదాము ఒక్కొక్కదానికీ పేరు పెట్టాడు. 2:20లో పశువుల్ని ప్రత్యేకంగా చెప్పారు. కావాల్సింది చాకిరీ చేసే సహాయమే అయితే అక్కడితో కథ అయిపోవాలి. దున్నడానికి ఎద్దు ఉంది, బరువు మోయడానికి గాడిద ఉంది. కానీ అన్నిటికీ పేర్లు పెట్టడం అయ్యాక కూడా ఆదాముకు "సాటియైన సహాయము అతనికి లేకపోయెను" అంటుంది వాక్యం. చెప్పిన పని చేసేవి ఎన్నో ఉన్నాయి, ఎదుట నిలబడి మాటకు మాట చెప్పగలిగే మనిషి లేదు. ఆ ఖాళీలోకి వచ్చింది హవ్వ.

సహాయం అంటే కిందిస్థాయి అని ఎవరైనా అంటే, మన తెలుగు బైబిల్లోనే కీర్తనలు తీసి చూపించండి. "యెహోవావలననే నాకు సహాయము కలుగును" అని 121వ కీర్తన. 33:20లో దేవుడే మనకు సహాయమూ కేడెమూ. పాత నిబంధనలో ఈ మాట ఎక్కువగా దేవుని గురించే వస్తుంది. సహాయం చేసేవాడు చిన్నవాడు అనే లెక్క బైబిల్లో లేదు, నిజానికి సహాయం అవసరమైనవాడే బలహీనుడు. అలాగని స్త్రీ పురుషుడికి పైన అని కూడా దీని నుంచి లాగకూడదు. అందుకే పక్కన "సాటియైన" అని ఉంది.

ఆ సహాయం ఏ పనిలో? 2:15లో ఆదాముకు ఇచ్చిన పని ఏదెను తోటను సేద్యపరచడం, దాన్ని కాయడం. తోట పని, కాపలా పని. ఏదెనులో వంట గురించి ఒక్క మాట లేదు. 1:29 ప్రకారం వాళ్లకు ఇచ్చిన ఆహారం విత్తనాలిచ్చే మొక్కలు, చెట్ల పండ్లు. ఇంటి పని తక్కువని చెప్పడానికి ఇది రాయడం లేదు. నా జీవితంలో ఎక్కువ భాగం వంటింట్లోనే గడిచింది, ఆ పనిని దేవుడు ఆశీర్వదించాడు కూడా. కానీ "హవ్వ పని వంటిల్లు" అన్న మాట ఆదికాండంలో లేదు, మనం మన ఇళ్ల నుంచి తీసుకెళ్లి అక్కడ పెట్టాం.

రెండో అధ్యాయంలో నన్ను ఎప్పుడూ ఆపేసేది ఇంకొకటి ఉంది. హవ్వను చూడగానే ఆదాము "నా యెముకలలో ఒక యెముక, నా మాంసములో మాంసము" అంటాడు. బైబిల్లో మనిషి నోటి నుంచి నేరుగా వినపడే మొదటి మాట ఇదే. పాటలా ఉంటుంది, సంతోషంతో ఉంటుంది. ఆ తర్వాత భర్త తల్లిదండ్రుల్ని విడిచి భార్యను హత్తుకుంటాడు, ఇద్దరూ ఏక శరీరమవుతారు అని ఉంటుంది. ఇంకొక్క వచనంతో ఆ అధ్యాయం అయిపోతుంది. పిల్లల ప్రస్తావన ఎక్కడా రాదు. అందుకే 5వ శతాబ్దంలో అగస్టీన్ గారు అనే పేరున్న క్రైస్తవ పండితుడు ఆదికాండం మీద రాసిన వ్యాఖ్యానంలో, పనికైతే ఇంకో పురుషుడు మేలు, మాటలకూ తోడుకూ అయినా ఇంకో పురుషుడే మేలు, కాబట్టి స్త్రీ సహాయం పిల్లల్ని కనడానికే అని తేల్చడాన్ని నేను ఒప్పుకోలేను. ఆయన దగ్గర నేర్చుకోవలసింది చాలా ఉంది. ఈ ఒక్క చోట మాత్రం ఆయన వాక్యాన్ని దాటి వెళ్లాడు. దేవుడు చూసిన కొరత ఒంటరితనం, ఆ కొరతకు ఆయన ఇచ్చిన జవాబు హవ్వ. ఇంకో పురుషుణ్ణి చేయగలిగి ఉండీ చేయలేదు.

పెళ్లి ప్రసంగాల్లో "తలలోంచి తీస్తే పెత్తనం చేస్తుందని, కాళ్లలోంచి తీస్తే తొక్కేస్తారని, గుండె పక్కనున్న ఎముకలోంచి తీశాడు" అని వింటుంటాం. మన పాస్టర్లు చాలా మంది ఇది వాక్యమే అన్నంత నమ్మకంగా చెబుతారు. ఇది వచనం కాదు. ఇంగ్లండుకు చెందిన మాథ్యూ హెన్రీ 18వ శతాబ్దం మొదట్లో రాసిన వ్యాఖ్యానం వల్ల అంతటా పాకింది. అంతకు చాలా ముందే 12వ శతాబ్దంలో పీటర్ లొంబార్డ్ అనే క్రైస్తవ పండితుడు దాదాపు ఇదే చెప్పాడు. యూదుల పాత వ్యాఖ్యానాల్లో కూడా, దేవుడు ఏ అవయవం నుంచి తీయాలా అని ఆలోచించాడన్న కథ ఉంది. మంచి మాటే, ఆదికాండం భావానికి దగ్గరగానే ఉంది. వాక్యం ఏది, వివరణ ఏది అన్నది మాత్రం కలపకూడదు.

మధ్యలో ఒక మాట. యూట్యూబ్‌లో "హవ్వ కంటే ముందు ఆదాముకు లిలిత్ అనే భార్య ఉంది" అన్న వీడియోలు తిరుగుతున్నాయి, మీకూ ఎవరో పంపే ఉంటారు. ఆ కథ బైబిల్లో లేదు. మధ్యయుగంలో యూదుల మధ్య పుట్టిన బెన్ సీరా అక్షరమాల అనే పుస్తకంలోది. క్రైస్తవ లేఖనం ప్రకారం మొదటి స్త్రీ హవ్వ ఒక్కతే.

ఇప్పుడు మూడో అధ్యాయం. హవ్వ అంటే చాలా మందికి గుర్తొచ్చేది ఈ అధ్యాయమే కాబట్టి దీన్ని దాటేసి వెళ్లలేం. ఆమె సర్పం మాట విన్నది, పండు తిన్నది. దాన్ని నేను తగ్గించి చెప్పను. కానీ 3:6లో "తనతోపాటు తన భర్తకును ఇచ్చెను, అతడుకూడ తినెను" అని ఉంది. ఆ చెట్టు గురించిన ఆజ్ఞను దేవుడు ఆదాముకు నేరుగా ఇచ్చింది 2:16, 17లో, అప్పటికి హవ్వ ఇంకా లేదు. ఆజ్ఞ నేరుగా విన్నవాడు మారు మాట్లాడకుండా తిన్నాడు. దేవుడు తోటలోకి వచ్చి ముందు పిలిచింది కూడా ఆదామునే. అతను ఏమన్నాడు? నాతో ఉండడానికి నువ్వు ఇచ్చిన ఈ స్త్రీయే ఇచ్చింది అన్నాడు. కొంచెం ముందు పాట పాడిన నోరే అది. రోమా 5వ అధ్యాయంలో పౌలు పాపం లోకంలోకి వచ్చిన సంగతి చెబుతూ పదే పదే ఆదాము పేరే తీస్తాడు. ఇన్ని ఉన్నా, 200వ సంవత్సరం ప్రాంతంలో కార్తేజ్ నగరంలో తెర్తుల్లియన్ అనే పండితుడు క్రైస్తవ స్త్రీలను ఉద్దేశించి, మీలో ప్రతి ఒక్కరూ ఒక హవ్వే, మీరు సాతాను ద్వారం అని రాశాడు. ఆ నీడ సంఘం మీద చాలా కాలం ఉండిపోయింది. మన ఊళ్లలో ఏదైనా తేడా వస్తే "హవ్వ బుద్ధి" అనే మాట ఆ దారినే వచ్చింది.

మనం "హవ్వకు శాపం" అని తేలిగ్గా అనేస్తాం. 3వ అధ్యాయంలో శపించబడినవి రెండే రెండు, ఒకటి సర్పం, రెండోది నేల. స్త్రీని గానీ పురుషుణ్ణి గానీ నువ్వు శపించబడ్డావు అని దేవుడు అనలేదు. వాళ్లకు చెప్పినవి పాపం వల్ల వాళ్ల బతుకుల్లోకి వచ్చే వేదనలు. ఆమెకు ప్రసవ వేదన, భర్త ఆమెను ఏలడం. అతనికి ముఖపు చెమట, పొలంలో ముండ్ల తుప్పలు, గచ్చపొదలు. ఇప్పుడు ఆలోచించండి. పొలంలో కలుపు తీసే రైతును ఎవరూ "దేవుని తీర్పుకు అడ్డుపడుతున్నావు" అనరు. ట్రాక్టర్ కొంటే సంఘంలో ప్రార్థన చేయించి కొబ్బరి నీళ్లు ఇస్తారు. 3:18 మన పొలం ఎలా ఉండాలో చెప్పే ఆజ్ఞ కాదని అందరికీ తెలుసు. మరి రెండు వచనాల ముందున్న "అతడు నిన్ను ఏలును" అన్నది మాత్రం ఆజ్ఞ ఎలా అయింది?

ఇది చరిత్రలో నిజంగా ఒకసారి చర్చ అయింది. 1847లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ అనే డాక్టరు కాన్పు నొప్పులకు క్లోరోఫామ్ వాడడం మొదలుపెట్టాడు. వేదనతో పిల్లల్ని కంటావని దేవుడే అన్నాడు కదా, నొప్పి తీయడం పాపం కాదా అని కొందరు మత కారణాలు చెప్పి అభ్యంతర పెట్టారు. సింప్సన్ అదే ఏడాది డిసెంబరులో జవాబుగా చిన్న పుస్తకం రాశాడు. ఆయన చూపించిన వచనాల్లో ఆదికాండం 2:21 ఒకటి. దేవుడు ఆదాము పక్కటెముక తీసేముందు అతనికి గాఢనిద్ర కలగజేశాడు కదా అని. 1853లో విక్టోరియా రాణి కాన్పుకు జాన్ స్నో అనే డాక్టరు క్లోరోఫామ్ ఇచ్చాక ఆ గొడవ చాలా వరకు చల్లబడింది. ఈ రోజు మన మిషన్ ఆసుపత్రుల్లో కూడా మత్తు ఇచ్చి ఆపరేషన్ చేస్తారు, ప్రార్థన చేసి మరీ చేస్తారు. 3:16లో మొదటి సగం దేవుని ఉద్దేశం కాదని సంఘం ఒప్పుకుంది. రెండో సగం దగ్గరికి వచ్చేసరికే మనసు రావడం లేదు.

హవ్వ కథ 3:16తో అయిపోదు. నా మటుకు నాకు అసలు సంగతి ఇక్కడి నుంచే చిక్కబడుతుంది.

3:15లో దేవుడు సర్పంతో, నీకూ స్త్రీకీ, నీ సంతానానికీ ఆమె సంతానానికీ వైరం పెడతాను, అది నిన్ను తల మీద కొడుతుంది అంటాడు. క్రైస్తవులు దీన్ని మొదటి సువార్త అని పిలుస్తారు. సర్పం మోసం చేసింది స్త్రీనే, సర్పాన్ని ఓడించే సంతానమూ ఆ స్త్రీదే అన్నాడు దేవుడు. తప్పు జరిగిందని ఆమెను పక్కన పెట్టి వేరే దారి చూసుకోలేదు. ఆ తీర్పు విన్న తర్వాతే, 3:20లో ఆదాము ఆమెకు హవ్వ అని పేరు పెట్టాడు, "ఏలయనగా ఆమె జీవముగల ప్రతివానికిని తల్లి." అప్పటికి వాళ్లకు ఒక్క బిడ్డ కూడా లేడు. మన్నైపోతావు అన్న మాట చెవుల్లో ఇంకా మోగుతుండగా భార్యకు జీవానికి సంబంధించిన పేరు పెట్టాడు. దేవుని వాగ్దానాన్ని నమ్మి పెట్టిన పేరని నేను నమ్ముతాను.

నాలుగో అధ్యాయంలో హవ్వ మాట్లాడుతుంది. కయీను పుట్టినప్పుడు "యెహోవా దయవలన నేనొక మనుష్యుని సంపాదించుకొన్నాను" అంటుంది. అంతకుముందు మనుషులు మాట్లాడిన మాటలన్నీ చూసుకుంటూ రండి. ఆదాము గానీ, సర్పంతో మాట్లాడినప్పుడు హవ్వ గానీ యెహోవా అన్న పేరు పలకలేదు. సర్పం దగ్గర ఆమె "దేవుడు" అనే అన్నది. బైబిల్లో ఆ నామాన్ని నోటితో పలికిన మొదటి మనిషి హవ్వ, ఏదెను నుంచి బయటికి వచ్చేసిన తర్వాత, కాన్పు నొప్పులు పడిన తర్వాత. దీని మీద ఒక ప్రసంగం కూడా నేను వినలేదు.

తర్వాత పెద్ద కొడుకు చిన్న కొడుకును చంపాడు. ఒకడు మట్టిలోకి, ఇంకొకడు దేశదిమ్మరిగా నోదు దేశానికి. ఆ రోజు ఆమె ఏం అన్నదో బైబిల్ రాయలేదు. 4:25లో షేతు పుట్టినప్పుడు మాత్రం ఆమె గొంతు మళ్లీ వినపడుతుంది. కయీను చంపిన హేబెలుకు బదులు దేవుడు నాకు మరియొక సంతానమును నియమించాడు అని, షేతు అని పేరు పెట్టింది. 3:15లో దేవుడు ఇచ్చిన మాట సంతానం గురించే. ఆమె దాన్ని మరచిపోలేదు. చనిపోయిన బిడ్డ పేరు ఎత్తకుండా దాటేయలేదు, దేవుణ్ణి వదలనూ లేదు. లూకా 3వ అధ్యాయంలో యేసు ప్రభువు వంశావళి వెనక్కి వెళ్తూ వెళ్తూ షేతు దగ్గరికి, ఆదాము దగ్గరికి చేరుతుంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లులు కూడికలో ఉన్నప్పుడు నేను ఈ వచనమే చదువుతాను. ఆ తల్లుల ముందు హవ్వను "పండు తిన్న ఆవిడ" అని మాత్రమే చెప్పి ఊరుకోవడం నావల్ల కాదు.

తొలి శతాబ్దాల సంఘం కూడా హవ్వను మరియమ్మ పక్కన పెట్టి చదివింది. 180 ప్రాంతంలో లియోన్ బిషప్ ఇరేనియస్, హవ్వ అవిధేయత వేసిన ముడిని మరియ విధేయత విప్పింది అని రాశాడు. తూర్పు సంఘాల్లో పునరుత్థాన చిత్రం ఒకటి తరతరాలుగా గీస్తూ వస్తున్నారు. దానిలో అందరికీ తెలిసినది ఇస్తాంబుల్‌లోని కోరా ఆలయం (ఇప్పుడది మసీదు) గోడ మీద ఉంది, 14వ శతాబ్దం తొలి భాగంలో వేసినది. తెల్లటి బట్టల్లో క్రీస్తు కాళ్ల కింద పాతాళపు తలుపులు, తాళాలు ముక్కలై పడి ఉంటాయి. ఒక చేత్తో ఆదామును, ఇంకో చేత్తో హవ్వను మణికట్టు పట్టుకుని సమాధుల్లోంచి పైకి లాగుతుంటాడు. హవ్వది ఎర్రటి వస్త్రం. ఆదాము వెనుక వరసలో ఆమె నిలబడి లేదు, ప్రభువు రెండో చెయ్యి ఆమె కోసమే ఉంది. ఫోన్లో వెతికితే ఆ బొమ్మ దొరుకుతుంది, మీ అత్తగారికి కూడా చూపించండి.

పౌలు మాట రాకుండా ఈ జవాబు పూర్తి కాదు, ఎవరో ఒకరు మీకు 1 తిమోతి 2వ అధ్యాయం తప్పకుండా చూపిస్తారు. మొదట ఆదాము, తర్వాత హవ్వ నిర్మింపబడ్డారు, మోసపోయింది స్త్రీ, కాబట్టి ఉపదేశించడానికి సెలవివ్వను అని అక్కడ ఉంది. దీని మీద సంఘాలు ఒక మాట మీద లేవు, లేవని మీకు తెలియాలి. సృష్టి క్రమాన్ని బట్టి ఇంట్లో, సంఘంలో పురుషుడే నాయకుడని కొందరు. తిమోతి ఉన్న ఎఫెసు పట్టణంలో అబద్ధ బోధలు ఎక్కువై ఉన్న పరిస్థితికి పౌలు ఇచ్చిన హెచ్చరిక అని మరికొందరు. నాయకత్వం పురుషుడిదే అనేవాళ్లు 1987లో అమెరికాలో డాన్వర్స్ ప్రకటన అని ఒకటి రాసుకున్నారు. అందులో కూడా స్త్రీపురుషులిద్దరూ దేవుని స్వరూపంలో సమానమని, భర్త పెత్తనం చేయడం పాపం వల్ల వచ్చిన చెడు అని ఒప్పుకున్నారు. 1988లో పోప్ జాన్ పాల్ 2 స్త్రీల గౌరవం మీద రాసిన లేఖలో "అతడు నిన్ను ఏలును" అన్నది మొదటి సమానత్వం చెడిపోవడానికి గుర్తు అని చెప్పాడు. మన దగ్గర చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సి.ఎస్.ఐ.)లో 2013లో పుష్పలలిత గారు నంద్యాల డయాసిస్‌కు బిషప్ అయ్యారు, ఆ సంఘంలో ఆమే తొలి మహిళా బిషప్. మీ సంఘం ఏ పక్షాన ఉన్నా సరే, స్త్రీని పురుషుడి సేవకురాలిగా దేవుడు చేశాడని బాధ్యత గల బోధకుడెవరూ చెప్పరు. అదే పౌలు 1 కొరింథీయులు 11లో స్త్రీ పురుషుడి నుంచి వచ్చిందని చెప్పి, ఆ వెంటనే ప్రభువునందు స్త్రీకి వేరుగా పురుషుడు లేడు, పురుషుడు కూడా స్త్రీ మూలంగానే కలిగాడు, సమస్తమూ దేవుని వల్లనే అని కలుపుతాడు. సగం చదివి ఆపేవాళ్లతోనే చిక్కు.

పిల్లలు లేని అక్కలు, పెళ్లి కాని అక్కలు కూడా ఇది చదువుతుండొచ్చు. హవ్వ ఉద్దేశం తల్లి కావడమే అయితే మా సంగతేమిటి అని లోపల కుమిలిపోయేవాళ్లను చూశాను. లూకా 11లో ఒక స్త్రీ జనంలోంచి, నిన్ను మోసిన గర్భం, నువ్వు కుడిచిన స్తన్యం ధన్యమైనవి అని ప్రభువుతో కేకవేసి చెప్పింది. ఆయన "అవునుగాని దేవుని వాక్యము విని దానిని గైకొనువారు మరి ధన్యులు" అన్నాడు. తన సొంత తల్లి విషయంలోనే ఆయన స్త్రీ విలువను గర్భానికి కట్టేయలేదు.

ఇక మీ ఉద్యోగం సంగతి. ఉద్యోగం చేయమని గానీ మానమని గానీ ఆదికాండం చెప్పదు. సామెతలు 31లోని గుణవతియైన భార్య పొలం చూసి కొంటుంది, బట్టలు నేయించి వర్తకులకు అమ్ముతుంది. అపొస్తలుల కార్యములు 16లో లూదియ ఊదారంగు పొడి వ్యాపారం చేస్తుంది. 18లో అకుల, ప్రిస్కిల్ల భార్యాభర్తలిద్దరూ డేరాలు కుట్టే పనివాళ్లు, ఇద్దరూ కలిసి అపొల్లో అనే బోధకుణ్ణి ఇంటికి పిలిచి దేవుని మార్గం వివరిస్తారు. సాటియైన సహాయం బతికిన జంటగా నాకు వాళ్లే గుర్తొస్తారు. పిల్లలు పుట్టాక కొన్నాళ్లు ఇంట్లో ఉండాలని మీకే అనిపించవచ్చు, అదీ తప్పు కాదు. నిర్ణయం ఇద్దరూ కలిసి ప్రార్థన చేసుకుని తీసుకోండి. హవ్వ పేరు చెప్పి ఒకరు ఇంకొకరి చేత తీసుకునేలా చేయడం మాత్రం వద్దు.

పెద్దావిడతో వాదనకు దిగకండి. ఆవిడకు ఎవరో అలా నేర్పారు, ఆవిడ జీవితమంతా దాన్నే మోసింది. వచనం వల్ల కాక, ఇంట్లో పని ఎవరు చూసుకుంటారన్న భయం వల్ల ఆ మాట అని ఉండొచ్చు, ఆ భయం గురించి మర్యాదగా అడగండి. మీరు మాట్లాడవలసింది అబ్బాయితో. ఆదికాండం మొదటి నాలుగు అధ్యాయాలు ఇద్దరూ కలిసి కూర్చుని చదవండి, ఒక గంట కూడా పట్టదు. చదివాక "సాటియైన సహాయం అంటే నీకేం అర్థమైంది, మన ఇంట్లో అది ఎలా ఉంటుంది" అని అతన్ని అడగండి. జీతం, వంట, ట్రాన్స్‌ఫర్లు, పిల్లలు, రెండు వైపులా అమ్మానాన్నల బాధ్యత, అన్నీ అక్కడే మాట్లాడుకోండి. అతను మీ మాట విని తన మాట చెప్పగలిగితే మీకు టెన్షన్ అక్కర్లేదు. "అమ్మ చెప్పింది కదా" అని మాట తప్పిస్తే, నిశ్చితార్థం తేదీ పెట్టకముందే మీ పాస్టర్‌గారి దగ్గర ఇద్దరూ కూర్చుని ఈ విషయం తేల్చుకోండి. హాలు బుక్ చేసి, కార్డులు కొట్టించాక ఈ మాట ఎత్తడం చాలా కష్టమవుతుంది.